బిడ్డ కోసం అనుకుంటున్న అమ్మడికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి బొబ్బిలి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ ఏడాది బిడ్డ కోసం అనుకుంటున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి ఎంత సంతోషంగా ఉందో అంత గుబులుగానూ ఉంది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టు. మిగతా పరీక్షలు డాక్టరుగారు చెబుతారు.

నిన్ను కడుపున మోస్తూ మీ అమ్మ నా దగ్గరకు పురిటికి వచ్చినప్పుడు, రెండు ప్రాణాలకు తినాలంటూ పూటపూటా సున్నుండలు నేనే చేతిలో పెట్టేదాన్ని. బలం వస్తుందని, ఒక్కటి వేసుకోమన్న ఇనుము మాత్రను రెండు చేసి మింగించాను. రాత్రి నాలుగుసార్లు లేచి చెంబెడు నీళ్లు తాగుతుంటే ఎండాకాలం కదా అని సరిపెట్టుకున్నాను. ఆమె బరువు ఎంత పెరిగిందో ఎవరమూ చూడలేదు, షుగరు పరీక్ష చేయించాలన్న ఆలోచనే నాకు రాలేదు. నువ్వు 4 కిలోల 200 గ్రాములతో పుట్టావు. బొద్దుగా ఉందని అందరూ మురిసిపోతుండగానే నీ రక్తంలో చక్కెర పడిపోయి చేతులు వణికాయి. సెలైను సూది గుచ్చిన ఆ చిన్న చేయి ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. పదేళ్లు తిరక్కుండా మీ అమ్మకు షుగరు స్థిరపడిపోయింది.

అలా కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన తల్లికి పుట్టిన ఆడపిల్లకూ ఆ ముప్పు ఎక్కువే. అందుకే నీ బరువు గురించి కోప్పడుతున్నాను. నీ 155 సెంటీమీటర్ల ఎత్తుకు 55 కిలోలు దాటితే మనవాళ్ల లెక్కలో అధిక బరువే. నువ్వు 66 ఉన్నావు. గర్భంలోని మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి ఎలాగూ అడ్డుపడతాయి, ఒంట్లోని కొవ్వు కూడా దానికి తోడైతే ఇన్సులిన్ తయారుచేసే క్లోమం తట్టుకోలేదు. ఇప్పుడు నాలుగైదు కిలోలు తగ్గినా మేలే. కడుపు పండిన తరువాత మాత్రం పస్తులుండి తగ్గవద్దు, తల్లీ.

ఖనిజాల మాత్రలు వేసుకుంటే బరువు మాట మరిచిపోవచ్చని అనుకోకు. ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి మెగ్నీషియం కావాలి. అది నువ్వులలో, ఆకుకూరలలో, చోళ్లలో, అంటే రాగులలో, దొరుకుతుంది. అలాగని చోడి అంబలి చెంబులకొద్దీ తాగరాదు, అదీ పిండిపదార్థమే. రక్తం తక్కువైతే ఇనుము తప్పనిసరి. కాని ఒంట్లో ఇనుము నిల్వలు ఎక్కువగా ఉన్నవారిలో ఈ మధుమేహం ఎక్కువగా కనిపిస్తోందని పరిశోధనలు చెబుతున్నాయి కనుక నాలాగా మోతాదు పెంచవద్దు. కాల్షియం మాత్రను ఇనుము మాత్రతో కలిపి వేసుకోకు.

మొదటిసారి చూపించుకున్నప్పుడే 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష అడుగు. 24–28 వారాల మధ్య మళ్లీ చేయించుకో. గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటల తరువాత రక్తంలో చక్కెర 140 వచ్చినా, దాటినా ఆ రోజే నాకు ఫోను చెయ్యి.

పురిటికి నా దగ్గరకే రావాలి. బరువు చూసే మిషను కొని పెరటి గది గుమ్మం పక్కనే పెట్టించాను.