బరంపురం నుంచి సికింద్రాబాద్‌కు టికెట్‌ను విశాఖలో తెగ్గొడితే డబ్బు మిగులుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ అబ్బాయి బ్రిటన్‌లో చదువుతున్నాడు, అక్కడ ఒకే ప్రయాణానికి రెండు మూడు టికెట్లు తీసుకుని బాగా ఆదా చేస్తున్నాడు. మీరు బరంపురం నుంచి సికింద్రాబాద్‌కు తరచూ వెళ్తారు కాబట్టి విశాఖ దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి తీసుకుంటే మనకూ అలాగే మిగులుతుందా అని అడిగారు.

మాది పర్లాకిమిడి. మేము ఎటు వెళ్లినా రైలు మారాల్సినవాళ్లమే. అమ్మను చూపించడానికి విశాఖ, తమ్ముడి దగ్గరికి హైదరాబాద్, ఏళ్ల తరబడి ఇదే తిరుగుడు. ఆ అనుభవంతో చెప్తున్నాను. ఒకే తరగతిలో, ఒకే రైల్లో వెళ్లేటప్పుడు టికెట్‌ను ముక్కలు చేస్తే మన దగ్గర ఖర్చు పెరుగుతుంది. తరగతి మారినప్పుడో రైలు రకం మారినప్పుడో మాత్రమే తగ్గుతుంది.

కారణం ఛార్జీ కట్టే పద్ధతిలో ఉంది. బ్రిటన్‌లో ఏ రెండు స్టేషన్ల మధ్య ఛార్జీ ఆ రెండింటికే విడిగా నిర్ణయిస్తారు. రద్దీ వేళ ఒక ధర, మిగతా వేళల్లో ఇంకో ధర. అందుకే ముక్కల మొత్తం కొన్నిసార్లు పూర్తి టికెట్ కంటే తక్కువ వస్తుంది. టికెట్ తెగిన స్టేషన్‌లో రైలు ఆగితే చాలు, దిగక్కర్లేదు కూడా. మన రైల్వేలో లెక్క దూరాన్ని బట్టి. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతుంది. వెయ్యి కిలోమీటర్ల స్లీపర్ ఛార్జీ ఐదు వందల కిలోమీటర్ల ఛార్జీకి రెట్టింపు ఉండదు, బాగా తక్కువే. మీ ప్రయాణం విశాఖ దాకా సుమారు 280 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇంకో 700. రెండుగా చేస్తే రెండు టికెట్లూ మళ్లీ మొదటి కిలోమీటరు నుంచి ఎక్కువ రేటుతో మొదలవుతాయి.

దాని మీద రెండోసారి పడే ఖర్చులున్నాయి. రిజర్వేషన్ ఛార్జీ స్లీపర్‌కు 20 రూపాయలు, థర్డ్ ఏసీకి 40. సూపర్‌ఫాస్ట్ అయితే స్లీపర్‌కు ఇంకో 30, ఏసీకి 45. ఆన్‌లైన్‌లో తీస్తే ప్రతి టికెట్‌కూ కన్వీనియెన్స్ ఫీజు. కనీస దూరం నియమం కూడా ఉంది. స్లీపర్‌లో ఎంత తక్కువ దూరం వెళ్లినా 200 కిలోమీటర్లకు, థర్డ్ ఏసీలో 300 కిలోమీటర్లకు కట్టాల్సిందే. శ్రీకాకుళం రోడ్ నుంచి విశాఖకు స్లీపర్ తీసుకునేవాళ్లు వెళ్లని దూరానికి డబ్బు కడుతున్నారు. అన్నింటికంటే దెబ్బ తత్కాల్‌లో. అక్కడ స్లీపర్‌కైనా థర్డ్ ఏసీకైనా కనీస దూరం 500. విశాఖ నుంచి విజయవాడకు 350 కిలోమీటర్లే, తత్కాల్ తీస్తే 500కు వేస్తారు, పైన తత్కాల్ ఛార్జీ వేరే. కాబట్టి ఒక ముక్క మామూలుగా, ఇంకో ముక్క తత్కాల్‌లో తీద్దామనుకుంటే ముందు కాగితం మీద లెక్క వేసుకోండి.

మరి ఎక్కడ మిగులుతుంది? మీరు ఏసీలో వెళ్లేవాళ్లయితే మిగులుతుంది. పగలు విశాఖ దాకా జనరల్‌లోనో సెకండ్ సిట్టింగ్‌లోనో వెళ్లి, రాత్రికి విశాఖలో బయల్దేరే రైల్లో థర్డ్ ఏసీ తీసుకుంటే, మొత్తం దూరం ఏసీలో వెళ్లడం కంటే మనిషికి వంద రూపాయలకు పైనే తగ్గుతుంది. నలుగురు వెళ్తే అది చిన్న మొత్తం కాదు. స్లీపర్ వాళ్లకు ఈ కిటుకు పనికిరాదు. దూరం మీద వచ్చే తగ్గింపు పోగొట్టుకున్నందుకే ఆ మిగులు సరిపోతుంది.

మొదటి భాగానికి ప్యాసింజర్ రైలు దొరికితే సంగతి వేరు. 2024 ఫిబ్రవరి చివర్లో ప్యాసింజర్ రైళ్లకు పాత సాధారణ ఛార్జీ తిరిగి వచ్చింది, కనీస టికెట్ 30 నుంచి మళ్లీ 10 రూపాయలైంది. మా వైపు గుణుపూర్ నుంచి నౌపడ మీదుగా విశాఖ వెళ్లే ప్యాసింజర్ మాకు ప్రాణం. కూరగాయల గంపలు, చదువుకునే పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు, అందరూ అందులోనే. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. విశాఖలోనే బయల్దేరే రైలు కాబట్టి అక్కడి నుంచి బెర్తులు ఎక్కువ ఉంటాయి, దారిలో ఎక్కేవాళ్లకు ఇచ్చే చిన్న కోటా మీద ఆధారపడక్కర్లేదు. నా దృష్టిలో టికెట్ విడగొట్టడంలో అసలు లాభం ఇదే, బెర్తు. సంక్రాంతి తిరుగు ప్రయాణాల్లో పూర్తి దూరానికి వెయిటింగ్ లిస్ట్ చాంతాడంత ఉన్నప్పుడు, ఒకే రైల్లో రెండు టికెట్లు తీసి, ఎక్కువ డబ్బు కట్టి మరీ వచ్చాం. చంటిపిల్లతో రాత్రంతా నిలబడే టెన్షన్ తప్పింది. కాకపోతే విశాఖలో బెర్తు మారాలి, సామాను తక్కువ ఉంటేనే చేయండి. కొన్ని దూరప్రయాణ రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి, అదీ చూసుకోండి.

రైలు మారేటప్పుడు ఇంకో జాగ్రత్త. రెండూ రిజర్వేషన్ టికెట్లయితే పీఎన్ఆర్‌లు లింక్ చేయించుకోవచ్చు. 2019 ఏప్రిల్ 1 నుంచి ఈ సదుపాయం ఉంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో టికెట్ డబ్బు క్యాన్సిలేషన్ కోత లేకుండా తిరిగి వస్తుంది. రెండు టికెట్లలో ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. ప్యాసింజర్‌ జనరల్ టికెట్‌కు పీఎన్ఆర్ ఉండదు కాబట్టి ఈ రక్షణా ఉండదు. అందుకే మధ్యలో కనీసం మూడు గంటలు వదలండి. మేము భోజనం కట్టుకెళ్లి ప్లాట్‌ఫారం మీదే తింటాం.

మీలాంటి బరంపురం వాళ్లకు నేను గట్టిగా చెప్పేది వేరే ఉంది. నేరుగా వెళ్లే రైళ్లు మీకున్నాయి, వాటిలోనే ఎంచుకోండి. రైలు నంబరు 12, 20, 22తో మొదలైతే సూపర్‌ఫాస్ట్, అదనపు ఛార్జీ పడుతుంది. ఫలక్‌నుమా 12తో ఉంటుంది. విశాఖ ఎక్స్‌ప్రెస్ 17తో, కోణార్క్ 11తో, ఈస్ట్ కోస్ట్ 18తో మొదలవుతాయి, వాటికి ఆ ఛార్జీ లేదు. స్లీపర్‌లో నలుగురు రానుపోను వెళ్తే ఇక్కడే 240 రూపాయలు మిగిలాయి, ఏ ముక్కలూ చేయకుండానే.

దారిలో ఆగాలని ఉంటే కూడా టికెట్ తెంచకండి. 500 కిలోమీటర్లు దాటిన టికెట్ మీద బ్రేక్ జర్నీ ఉంది, అంటే మధ్యలో దిగి ఆగి, అదే టికెట్ మీద మళ్లీ బయల్దేరొచ్చు. మొదటి ఆగడం బయల్దేరిన చోటు నుంచి 500 దాటాకే, రెండు రోజుల దాకా. టికెట్ వెయ్యి కిలోమీటర్ల లోపైతే ఒక్కసారి, పైనైతే రెండుసార్లు. బరంపురం నుంచి అన్నవరం, రాజమండ్రి ఈ లెక్కలోకి రావు, రాజమండ్రికి కూడా 500 నిండదు. విజయవాడ వస్తుంది. కనకదుర్గమ్మ దర్శనం చేసుకుని అదే టికెట్ మీద ముందుకు వెళ్లొచ్చు. రిజర్వేషన్ కావాలంటే టికెట్ తీసేటప్పుడే కౌంటర్‌లో ఆ సంగతి చెప్పి, రెండు భాగాలకూ ఫారంలో రాయాలి.

మీ ప్రయాణాల్లో వైద్యం కోసం వెళ్లేవి ఏవైనా ఉంటే ముందు దాన్ని పట్టించుకోండి. క్యాన్సర్ రోగికి చికిత్సకు వెళ్లేటప్పుడు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. గుండె ఆపరేషన్‌కు, డయాలిసిస్‌కు వెళ్లేవారికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం. ఆసుపత్రి ఇచ్చే రైల్వే ఫారం పట్టుకుని కౌంటర్‌కు వెళ్లాలి. మా వైపు పల్లెల నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు, పూర్తి డబ్బు కట్టి వెళ్తున్నారు. సీనియర్ సిటిజన్ రాయితీ మాత్రం 2020 మార్చిలోనే ఆపేశారు, దాన్ని లెక్కలో పెట్టుకోకండి.

మీరు వెళ్లేది స్లీపర్‌లోనా ఏసీలోనా, ఎంతమంది అన్నది రాయండి. మీ తేదీకి ఏది చవకో లెక్క వేసి చెప్తాను.