ఓపెన్ సోర్స్ సదస్సుకు ప్రసంగ ప్రతిపాదన పంపాలంటే విషయం ఎక్కడ దొరుకుతుంది?

ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయిందనీ, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) సదస్సులో నిలబడి మాట్లాడేంత విషయం మీ దగ్గర లేదనీ, ప్రతిపాదనకు అంశం ఎలా వెతుక్కోవాలో తెలియడం లేదనీ మీరు రాశారు. విషయం లేదన్న మాటను నేను ఒప్పుకోను. గడచిన ఆరు నెలల్లో మీకు రెండు రాత్రులైనా నిద్ర లేకుండా చేసిన లోపం ఒకటి ఉండే ఉంటుంది. మీరు మాట్లాడవలసింది దాని గురించే. మీకు బాగా వచ్చిన విషయం కన్నా మిమ్మల్ని బాగా ఏడిపించిన విషయమే మంచి ప్రసంగమవుతుందని నా గట్టి నమ్మకం.

నేనూ ఒకప్పుడు మీలాగే ఆలోచించాను. అప్పట్లో విశాఖపట్నంలో రుషికొండ మీద ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. ఒక శనివారం సాయంత్రం మేము ముగ్గురం ఆర్కే బీచ్‌లో గోడ మీద కూర్చుని, ముంత మసాలా తింటూ, కరెంటు బిల్లు వెనుక వైపు అంశాల జాబితా రాశాము. మొత్తం పద్నాలుగు రాస్తే అందులో పదకొండు ‘పరిచయం’ అన్న మాటతోనే ముగిశాయి: గిట్ పరిచయం, డాకర్ పరిచయం, పైథాన్ పరిచయం. మా కాలేజీలో జరిగే సెమినార్లలో ముఖ్య అతిథికి శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫోటో దిగేసరికి గంట గడిచిపోయేది. మిగిలిన అరగంటలో ఏ విషయమైనా పరిచయం దాటేది కాదు. మా ఆలోచన అక్కడే ఆగిపోవడానికి ఆ అలవాటే కారణమని ఇప్పటికీ అనుకుంటాను. చివరికి ‘యూనికోడ్: ఒక పరిచయం’ అని నేనొక ప్రతిపాదన పంపాను. ప్రపంచ లిపుల్లోని ఒక్కొక్క అక్షరానికి కంప్యూటర్ల కోసం ఒక సంకేతాన్ని కేటాయించే ప్రమాణమే యూనికోడ్. అది తిరిగి వచ్చింది. పరిశీలకుల్లో ఒకరు మాత్రం ఒక వాక్యం రాశారు: ఇదంతా వికీపీడియాలో ఉంది, ఇందులో మీరు చేసిన పని ఏది? రెండు రోజులు కోపంగా తిరిగాను గానీ, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదన్నది నిజం.

జవాబు ఆ వేసవిలో డాబాగార్డెన్స్‌లోని మా మామయ్య డీటీపీ దుకాణంలో దొరికింది. ఆయన దగ్గర ఇరవై ఏళ్ల శుభలేఖల ఫైళ్లు ఉన్నాయి, అన్నీ పాతకాలపు ఫాంట్లలో చేసినవే. ఆ ఫాంట్లలో ఫైలు లోపల తెలుగు అనేదే ఉండదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కలను బొమ్మలుగా దాచి, వాటిని పక్కపక్కన పేర్చి అక్షరాన్ని తయారుచేస్తారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పెళ్ళికూతురి పేరు ఉండవలసిన చోట అర్థంలేని ఇంగ్లీషు గీతలు కనబడతాయి. కొత్త కంప్యూటర్ కొన్న మామయ్య వాటన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చిపెట్టమని అడిగారు. ఏ ముక్కకు ఏ యూనికోడ్ సంకేతమో పట్టిక తయారుచేసుకుని, ఒకదాని స్థానంలో మరొకటి పెట్టే పైథాన్ ప్రోగ్రాం ఒక మధ్యాహ్నంలో రాసి, గొప్ప పని చేశాననుకుంటూ మొదటి శుభలేఖను తెర మీద తెరిచాను.

తెర మీద మొట్టమొదటి మాట ‘శ్రీరస్తు’. దాని ముందు చుక్కలతో గీసిన సున్న ఒకటి వచ్చి కూర్చుంది, దానికి క్రావడి వేలాడుతోంది, ఆ తరువాత ‘శీరస్తు’ ఉంది. మామయ్య కళ్లజోడు సర్దుకుని రెండు క్షణాలు చూసి, “ఏటమ్మా ఇది, పెళ్ళివారి శ్రీకారానికి ముందు సున్న చుట్టేశావు?” అన్నారు. దుకాణంలో ఉన్న కుర్రవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కారణం తెలుసుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది. తెలుగులో క్రావడిని హల్లుకు ఎడమవైపు నుంచి చుట్టి రాస్తాము కనుక, బొమ్మలు పేర్చే ఆ ఫాంటులో క్రావడి ముందు, శీ తరువాత ఉంటాయి. యూనికోడ్ పలికే వరుసను పాటిస్తుంది: ముందు శ, తరువాత పొల్లు, ఆ తరువాత ర, చివర గుడిదీర్ఘం. నేను ముక్కలను మార్చాను గానీ వరుసను మార్చలేదు. ఆధారమైన హల్లు లేకుండా వత్తు ఒంటరిగా వచ్చినప్పుడు, అక్షరాలను అమర్చే హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేర్ దాని కింద ఆ చుక్కల సున్నను తగిలిస్తుంది. క్రావడి కనబడితే దాని తరువాతి హల్లు దాటించి పెట్టమని మూడు పంక్తులు చేర్చాను, శ్రీకారం చక్కబడింది.

అసలు దెబ్బ వారం తరువాత తగిలింది. మామయ్యకు ఎప్పటినుంచో పని ఇచ్చే శాస్త్రిగారు ఫోన్ చేసి, పెద్దమ్మాయి పెళ్ళికి వేసిన శుభలేఖ నమూనానే చిన్నమ్మాయికీ కావాలన్నారు. మామయ్య ‘శాస్త్రి’ అని టైపు చేసి వెతికితే ఒక్క ఫైలు కూడా దొరకలేదు. ఫైలు తెరిచి చూస్తే పేరు కళ్ల ముందే ఉంది. దగ్గరగా చూస్తే తేడా తెలిసింది: నా ప్రోగ్రాం ‘శాస్త్రి’ని ‘శాస్ర్తి’గా మార్చింది. క్రావడిని మొదటి హల్లు దాటించి వదిలేశాను, ఆ హల్లు కింద త వత్తు కూడా ఉండవచ్చన్న ఊహ నాకు రాలేదు. కంటికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు మాటలు. ఈ తప్పు నా ఒక్కదాని సొత్తు కాదని తరువాత తెలిసింది. ‘స్ర్తీ’ అనీ ‘శాస్ర్తవేత్త’ అనీ ఇంటర్నెట్‌లో వెతికి చూడండి, ఎన్ని తెలుగు వార్తలు బయటపడతాయో మీకే అర్థమవుతుంది. సరైన స్పెల్లింగుతో వెతికేవారికి అవన్నీ దొరకకుండా పోయే ప్రమాదం ఉంది. తెలుగు జర్నలిజం గురించి గంటలు గంటలు మాట్లాడేవారు ఈ ఒక్క క్రావడిని ఎందుకు పట్టించుకోరో నాకు ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు ప్రతిపాదన రాయడానికి నాకు గంట కూడా పట్టలేదు. శీర్షికను ఇంగ్లీషులోనే పెట్టినా, దాని అర్థం ‘శాస్త్రిగారు వెతికితే ఎందుకు దొరకలేదు?’ అని. మొదటి వాక్యంలోనే సమస్య చెప్పాను, రెండవ పేరాలో నేను చేసిన రెండు తప్పులు చెప్పాను, మూడవదానిలో వినేవారు ఇంటికి వెళ్లి తమ లిపిలో ఏమి పరీక్షించుకోవచ్చో చెప్పాను, ఇరవై ఐదు నిమిషాలను దేనికెంత ఖర్చు చేస్తానో రాసి, కోడ్ లంకె జతచేశాను. చాలా దరఖాస్తుల్లో అందరికీ కనబడే సారాంశానికి ఒక గడి, పరిశీలకులకు మాత్రమే కనబడే వివరణకు మరొక గడి ఉంటాయి. ఎక్కువమంది రెండింటిలోనూ ఒకే పాఠాన్ని అతికిస్తారు. రెండవ గడిలో దాపరికం పనికిరాదు. ‘పరిష్కారం ఏమిటో ప్రసంగంలో తెలుసుకోండి’ అని టీవీ సీరియల్ ఎపిసోడ్‌లా ముగిస్తే, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి కూర్చుని ఉచితంగా చదివే ఆ మనిషికి మీ మీద నమ్మకం ఎలా కలుగుతుంది? బ్రస్సెల్స్‌లో జరిగే ఫాస్‌డెమ్ వంటి పెద్ద సదస్సును కూడా నడిపేది వాలంటీర్లే. అక్కడ ఒక్కొక్క విషయానికి కేటాయించిన గదికి విడిగా ఆహ్వానం, విడిగా ఎంపిక బృందం ఉంటాయి కనుక, ముందు మీ సమస్య ఏ గదికి చెందినదో చూసుకుని ఆ తరువాతే రాయాలి. పూర్తి ప్రసంగానికి ధైర్యం చాలకపోతే అయిదు నిమిషాల లైట్నింగ్ టాక్‌తో మొదలుపెట్టండి.

సమస్య చిన్నదని వెనుకాడవద్దు. 1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తన పుస్తకం కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫులు చూసి, అక్షరాల కూర్పు బాగాలేదన్న చిరాకుతో టెక్ అనే సాఫ్ట్‌వేర్‌కు పూనుకున్నారు. మా మామయ్య చిరాకూ ఆ జాతిదే. మన నకారపొల్లు, అంటే ‘న్’ కోసం వాడిన ప్రత్యేక అక్షరం సంగతే చూడండి. పాత అచ్చు పుస్తకాల్లో ఉండి, తరువాత వాడుక నుంచి జారిపోయిన ఆ అక్షరానికి 2021లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అదీ ప్రతిపాదన వల్లనే, అక్షరం నిజంగా అచ్చులో వాడుకలో ఉండేదని ఆధారాలు చూపించినందువల్లనే. తెలుగుకు యూనికోడ్‌లో కేటాయించినవి 128 స్థానాలు, వాటిలో ఒక్కదాని కోసం కూడా ఎవరో కూర్చుని ఓపికగా రాయవలసి వచ్చింది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. విశాఖపట్నంలో ఉన్న మనం బెంగళూరులో ఏమి మాట్లాడుకుంటున్నారో చూసి, ఆరు నెలల తరువాత అదే విషయం మీద ప్రతిపాదన పంపుతాము. అక్కడివారికి అది పాతబడిన సంగతి. మన వీధిలో, మన లిపిలో, మన దుకాణంలో ఉన్న సమస్యను మాత్రం ‘ఇది ఎవరికి కావాలి’ అని మనమే కొట్టివేస్తాము. తెలుగు లిపి మీద కోడ్‌తో సహా వచ్చిన ప్రతిపాదనను తిరస్కరించే బృందం ఉంటుందని నేను నమ్మను.

నా ప్రతిపాదన ఎంపికైంది. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద కూర్చుని స్లైడ్లు దిద్దుకుంటూ బెంగళూరు చేరాను. గదిలో నలభై మంది ఉన్నారేమో, మైకు రెండుసార్లు ఆగిపోయింది. ప్రసంగం అయ్యాక ఒక కన్నడ యువకుడు వచ్చి, తమకు దీనికి సరిగ్గా తిరగేసిన చిక్కు ఉందన్నాడు. కన్నడంలో హల్లుకు ముందు పలికే ర, రాతలో అక్షరం కుడివైపుకు వెళ్లిపోతుంది. అంటే పలుకులో ముందున్నది బొమ్మలో వెనుక ఉంటుంది. ఇద్దరం తరువాతి ప్రసంగం మానేసి, వసారాలో నేల మీద కూర్చుని అతని ఫైలును నా ప్రోగ్రాంలో వేసి చూశాము. మళ్లీ ఆ చుక్కల సున్నే వచ్చింది. దాని మీద ఇద్దరం కలిసి రాసిన ప్రతిపాదనను ఆ తరువాతి ఏడు పంపాము.