నరికేసిన అడవి మళ్లీ రావాలంటే మొక్కలు నాటాల్సిందేనా?

అక్కర్లేదు, వేళ్లు భూమిలో బతికి ఉంటే నాటకుండానే అడవి తిరిగి లేస్తుంది. చెట్టు నరికినా చాలా జాతుల్లో వేరు చావదు. అందులో దాచుకున్న బలంతో పిలకలు వేస్తుంది. నర్సరీ మొక్కకు అంత వేరు ఎక్కడిది?

ఆదిలాబాద్ టేకునే చూడండి. వానలు పడగానే మోడు చుట్టూ గుత్తిగా చిగుళ్లు లేస్తాయి. నిటారుగా ఉన్న ఒకటి రెండు ఉంచి మిగతావి కోసేస్తే, అవి త్వరగా ఎదుగుతాయి. తునికి అయితే పక్క వేళ్ల నుంచి కూడా పిలకలు పెడుతుంది. ముఖ్యంగా కావాల్సింది కాపలా: పశువులు మేయకుండా, వేసవిలో నిప్పు అంటుకోకుండా.

బోడిగా కనిపిస్తే నేల చచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. ప్రొక్లెయినర్‌తో గుంతలు తీయించి, బతికున్న ఆ వేళ్లనే పెకలిస్తారు. ఎంత నష్టమో! వేళ్లు కూడా మిగలని గనుల నేలలోనైతే నాటక తప్పదు.