ముక్కు వంచిన పికప్: ముందు షాకులు మార్చడం, బండిని సమం చేయడంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాది 2017 ఫోర్డ్ ఎఫ్-150, ఫోర్ వీల్ డ్రైవ్. లక్షా పదివేల మైళ్లు తిరిగింది. గతుకు దాటాక ముందు భాగం రెండు మూడు సార్లు ఊగుతోంది. పైగా వెనక భాగం ఎత్తుగా, ముందు భాగం కుంగినట్టుగా కనిపిస్తుంది. కొత్త షాకులు వేస్తే రెండూ సరిపోతాయా? ఇంట్లో గరాజ్‌లోనే చేసుకోవాలని ఉంది. వేసవిలో 5,000 పౌండ్ల బోటు లాగుతాను.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఊగడం, కుంగడం వేర్వేరు సమస్యలు. బండి బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగకుండా పట్టి ఉంచడం వరకే షాక్ పని. షాక్ ఎంత అరిగినా బండి ఎత్తు పెద్దగా తగ్గదు, కొత్తది వేసినంత మాత్రాన పెరగదు. పైగా మీ బండి ముందు భాగం కుంగలేదు, తయారీలోనే అలా ఉంచారు. వెనక సామాను వేసినప్పుడు బండి సమంగా రావాలని ఖాళీగా ఉన్నప్పుడు వెనకను కాస్త ఎత్తుగా ఉంచుతారు. చాలా పికప్‌లలో ఇదే పద్ధతి.

ఈ మాట ముందే చెప్పడానికి మీ బోటే కారణం. 5,000 పౌండ్ల ట్రైలర్ హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు అందులో పది నుంచి పదిహేను శాతం, అంటే 500 నుంచి 750 పౌండ్లు. ఖాళీ బండిని సరిగ్గా సమం చేసి పెట్టుకుంటే, బోటు తగిలించిన రోజు వెనక కుంగి ముక్కు పైకి లేస్తుంది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి, ముందు టైర్ల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. అందుకని మీరు పూర్తిగా సమం చేయకండి. తేడా రెండు అంగుళాలుంటే ఒకటీ పావు పెంచి, ముప్పావు అంగుళం వెనకకే వదిలేయండి.

పని మొదలుపెట్టే ముందు టేపు తీసి కొలవండి. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడి మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, అరుగుదల లెక్కను పాడుచేస్తాయి. అయితే ముందు వెనక ఫెండర్ల వంపు ఒకటి కాదు కాబట్టి ఈ కొలతలు పని ముందు, పని తర్వాత పోల్చుకోవడానికే. బండి నిజంగా ఎంత వాలి ఉందో తెలియాలంటే తలుపుల కింది గడప మీద లెవెల్ పెట్టి చూడండి.

మీ బండిలో ముందు స్ప్రింగూ షాకూ ఒకే కూర్పు, స్ప్రింగు మధ్యలో షాక్ ఉంటుంది. ఎత్తు పెంచే దారులు రెండు. కూర్పు పైన లోహపు స్పేసర్ బిగించడం ఒకటి. బిల్‌స్టైన్ 5100 లాంటి షాక్ వేసి, దాని ఒంటి మీది గాళ్లలో స్ప్రింగును కింద నుంచి మోసే రింగును పై గాడికి జరపడం రెండోది. మీ షాకులు ఎలాగూ అయిపోయాయి కాబట్టి రెండోదే సబబు. అరిగిన షాక్ మీద స్పేసర్ పెట్టడమంటే డబ్బు దండగ.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. షాక్ కింది చివర చక్రం దగ్గర కాదు, చక్రాన్ని ఫ్రేముకు కలిపే కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో తగిలి ఉంటుంది. అందుకే షాక్ దగ్గర అర అంగుళం జరిపితే చక్రం దగ్గర దాదాపు అంగుళం లేస్తుంది. రెండు అంగుళాల కిట్ అని కొంటే చేతికొచ్చే స్పేసర్ అంగుళం మందమే ఉందని కంగారు పడకండి. రెండు అంగుళాల స్పేసర్ పెడితే చక్రం దగ్గర నాలుగు లేచి, ఆర్మ్‌లను చక్రం వైపు కలిపే బాల్ జాయింట్లూ, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టులూ ఒరిగిపోతాయి. మీ తరహా బండికి చక్రం దగ్గర రెండు అంగుళాల పైన వెళ్లకూడదు.

ముందు రోజు రాత్రే నట్లన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. మర్నాడు వెనక చక్రాలకు అడ్డులు పెట్టి, ముందు చక్రాల నట్లు నేల మీదే కాస్త వదులు చేసి, 3 టన్నుల జాకీతో లేపి, ఫ్రేము కింద రెండు జాక్ స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కింద చెయ్యి కూడా పెట్టకండి. రెండు ముందు చక్రాల వైపులనూ కలిపే స్టెబిలైజర్ బార్ లింకులు రెండు వైపులా విప్పండి. ఒక వైపే విప్పితే అవతలి చక్రం ఆ బార్‌ను లాగి పట్టుకుని ఆర్మ్‌ను కిందికి దిగనివ్వదు. బ్రేకు గొట్టాన్నీ ఏబీఎస్ తీగనూ పట్టి ఉంచే బ్రాకెట్లు విప్పాలి. ఇది మరిచిపోయి చక్రపు నకిల్‌ను (చక్రాన్ని మోసే లోహపు దిమ్మను) వేలాడదీస్తే తీగ తెగుతుంది.

తర్వాత స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివర, పై బాల్ జాయింట్ విప్పాలి. నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు ఉంచి, బాల్ జాయింట్ కూర్చున్న నకిల్ చెవిని పక్క నుంచి సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే జాయింట్ వదులుతుంది. జాయింట్లు విడదీసే ఫోర్కు దూర్చి పొడిస్తే రబ్బరు టోపీ చిరిగి, ఆరు నెలల్లో జాయింట్ పోతుంది. పై జాయింట్ ఊడగానే నకిల్ బయటికి ఒరుగుతుంది. దాన్ని వెంటనే బెల్టుతో పై ఆర్మ్‌కు కట్టేయండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఇది మరీ ముఖ్యం. షాఫ్టు బయటికి లాగబడితే లోపలి జాయింట్ జారుతుంది. హబ్‌ను (చక్రం మధ్య భాగాన్ని) షాఫ్టుతో కలిపీ విడదీసే వ్యాక్యూమ్ అమరిక దెబ్బతిని, బండి నడుస్తుంటే గరగరలాడుతుంది.

కింద రెండు నట్లు, పైన మూడు నట్లు తీస్తే కూర్పు బయటికొస్తుంది. పైన నడిమధ్య ఉన్న పెద్ద నట్టును ముట్టుకోకండి. నలిపి పెట్టిన స్ప్రింగును పట్టుకుని ఉన్నది అదే. బండిలో ఉండగా వదిలితే ప్రాణం మీదికి వస్తుంది. పాత స్ప్రింగును కొత్త షాక్ మీదికి ఎక్కించే పని మాత్రం ఇంట్లో వద్దు. కూర్పులు రెండూ తీసుకెళ్లి, గోడకు బిగించిన స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగును నలిపి పట్టే సాధనం) ఉన్న వర్క్‌షాపులో మార్పించుకోండి. అద్దెకు దొరికే రెండు కొక్కేల కంప్రెసర్ ఇంత బలమైన స్ప్రింగు మీద జారే ప్రమాదం ఉంది. వెళ్లే ముందు పైన బోల్టులకూ కింది చెవికీ మధ్య ఉన్న కోణాన్ని పెయింటుతో గుర్తు పెట్టండి. కొత్త కూర్పు పది డిగ్రీలు తిరిగి వచ్చినా తిరిగి వేసేటప్పుడు రంధ్రాలు కుదరవు. రింగు ఏ గాడిలో ఉండాలో కాగితం మీద రాసివ్వండి, రెండింటికీ ఒకే గాడి.

తిరిగి కూర్చేటప్పుడు పైవి ముందు చేత్తో పట్టించి, కిందివి జాకీతో ఆర్మ్ లేపి పట్టించాలి. ఆ తర్వాతే వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. లాక్ నట్లు కొత్తవే వాడండి. చక్రాల నట్లకు 150 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 203 న్యూటన్ మీటర్లు. వంద మైళ్లు తిరిగాక మళ్లీ చూడండి.

నేరుగా అలైన్‌మెంట్‌కు (చక్రాల కోణాలు సరిచేయించడానికి) తీసుకెళ్లండి. ఎత్తు పెరిగితే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్ (చక్రం పై భాగం పక్కకు వాలడం), క్యాస్టర్ (చక్రం తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలడం) మూడూ మారతాయి. టో తప్పిన బండి కొన్ని వందల మైళ్లలోనే టైరు అంచు తినేస్తుంది. హెడ్‌లైట్లు కూడా దించాలి. పనికి ముందే గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలిపి వెలుగు పై అంచు దగ్గర టేపు అంటించి ఉంచుకుంటే, తర్వాత అక్కడికే దించుకోవచ్చు.

ప్రశ్న: మా ఇసుజు వీ-క్రాస్‌కు ముందు షాకులు మార్చాము. మూడు నెలలకే కింది బుష్ చిరిగి టకటక శబ్దం వస్తోంది. షాకులు నకిలీవా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: షాకును తప్పుపట్టే ముందు బిగించిన తీరు అడగండి. ఆ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికి అతికి ఉంటుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా కింది బోల్టు బిగిస్తే గొట్టం ఆ కోణంలోనే పట్టుకుపోతుంది. బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి చిరుగుతుంది. కొత్త బుష్ వేయించి, బోల్టు వదులుగా పట్టించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు వేయించండి. స్టెబిలైజర్ లింకు కూడా చేత్తో ఊపి చూడండి, టకటక అక్కడి నుంచీ రావచ్చు.

శ్రీసిటీలో తయారయ్యే ఈ బండి మన రోడ్ల మీద పెరిగిన కొద్దీ ముందు ఎత్తు పెంచాలని అడిగేవాళ్లూ పెరిగారు. కంపెనీ ఇచ్చిన రూపానికి, రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా తెచ్చే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. స్పేసర్ కొనే ముందు ఆర్టీవో ఆఫీసులోనూ బీమా కంపెనీలోనూ కనుక్కోండి.

ప్రశ్న: షెవర్లే సిల్వరాడో 2500హెచ్‌డీకి ముందు స్ప్రింగులే లేవు. దీన్ని సమం చేయడం ఎలా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: స్ప్రింగు ఉంది, చుట్టలా కాకుండా పొడవాటి కడ్డీలా ఉంది. దాన్ని టార్షన్ బార్ అంటారు. ఫ్రేము కింద అడ్డంగా ఉన్న దూలం దగ్గర ఒక్కో వైపూ ఒక సర్దుబాటు బోల్టు ఉంటుంది. ముందు చక్రాలు గాలిలోకి లేపి, బోల్టు ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టుకుంటూ రెండు వైపులా సమంగా బిగించండి. బండి దించి, ఒక మైలు నడిపి, అప్పుడే కొలవాలి. దించిన వెంటనే కొలిస్తే సస్పెన్షన్ కుదురుకోక తప్పు అంకె వస్తుంది.

తిప్పాక నడక గట్టిపడితే కడ్డీ బిరుసెక్కిందనుకోకండి, దాని బలం మారదు. ఆర్మ్ కిందికి దిగే దూరం తగ్గిపోయి చిన్న గుంతలోనే చివరకు తగులుతుంది, పాత షాక్ కూడా పూర్తిగా సాగిపోయి కొడుతుంది. అంగుళమున్నర దాటిస్తే కొంచెం పొడవైన షాకులు వేయండి. మీ బండిలో షాకు విడిగా ఉంటుంది, స్ప్రింగు కంప్రెసర్ అవసరమే రాదు.