టెక్ సందేహాలు: మీటర్ చూపే కిలోమీటర్లు, ఇంజిన్ కంప్యూటర్‌లోని గంటలు

ప్రశ్న: 2004 మోడల్ పోర్షె బాక్స్‌స్టర్ ఒకటి బెంగళూరులో అమ్మకానికి ఉంది. 2.7 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు. మీటర్ మీద 1,38,000 కిలోమీటర్లు ఉన్నాయి. అదే మోడల్‌ది ఇంకొకటి హైదరాబాద్‌లో 52,000 కిలోమీటర్లే తిరిగిందంటున్నారు, ధర మాత్రం చాలా ఎక్కువ. మీటర్ వెనక్కి తిప్పారేమో ఫోన్‌తోనో ల్యాప్‌టాప్‌తోనో పట్టుకోవచ్చా? అన్ని కిలోమీటర్లు తిరిగిన స్పోర్ట్స్ కారు కొనొచ్చా? – భీమవరం పాఠకుడు

జవాబు: పట్టుకోవచ్చండి. అయితే ఫోన్‌లోని మామూలు యాప్ సరిపోదు. ఈ కారులో కిలోమీటర్ల లెక్క డ్యాష్‌బోర్డు మీటర్ లోపలి మెమరీ చిప్‌లో ఉంటుంది. దాన్ని తిరగరాసే పరికరాలు బజారులో దొరుకుతున్నాయి. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ వేరే ఉంది, అది బాష్ కంపెనీ మోట్రానిక్ బాక్సు. పుట్టినప్పటి నుంచి ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో అది విడిగా రాసుకుంటుంది. బ్యాటరీ తీసేసినా ఆ లెక్క చెరిగిపోదు. మీటర్ తిప్పేవాళ్లు సాధారణంగా ఈ బాక్సు జోలికి వెళ్లరు.

ఆ గంటలు చూడాలంటే పోర్షె కార్ల కోసమే చేసిన సాధనం కావాలి. డ్యూరామెట్రిక్ అనే సాఫ్ట్‌వేర్, దాని సొంత కేబుల్, విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే చాలు. పోర్షె సాఫ్ట్‌వేర్ వేసిన చేతి స్కానర్లు కూడా చూపిస్తాయి. కొనేముందు తనిఖీకి పిలిచే మెకానిక్‌ను మొదట అడగాల్సింది ఇదే: ఆపరేటింగ్ అవర్స్ చదివే సాధనం మీ దగ్గర ఉందా? లేదంటే ఇంకొకరిని చూసుకోండి.

తర్వాతిది భాగహారమే. మీటర్ మీది కిలోమీటర్లను ఇంజిన్ గంటలతో భాగించండి. 1,38,000 కిలోమీటర్ల కారులో 3,900 గంటలు కనిపిస్తే సగటు వేగం గంటకు 35 కిలోమీటర్లు. ఊళ్లోనూ హైవే మీదా కలిపి తిరిగిన కారుకు అది నమ్మదగిన లెక్కే. 52,000 కిలోమీటర్ల కారులో 3,400 గంటలు ఉంటే సగటు 15 దగ్గర ఆగుతుంది. సిగ్నళ్ల మధ్య నలిగిన కారుకు 20 లోపు సగటు అసాధ్యం కాదు. కానీ ఆదివారం పొద్దున మాత్రమే బయటికి తీసేవాళ్లమని చెబుతూ 15 చూపిస్తే ఆ మాటా ఈ లెక్కా పొసగవు. గంటలు మరీ తక్కువగా ఉన్నా అనుమానించాల్సిందే. 1,38,000 కిలోమీటర్లకు 600 గంటలే అంటే సగటు 230 కిలోమీటర్లవుతుంది. అంటే కంప్యూటర్ బాక్సునే మార్చారు. ఎందుకు మార్చారో బిల్లుతో సహా అడగండి.

గంటల పక్కనే ఇంకో రెండు అంకెలుంటాయి, వాటి విలువ ఇంకా ఎక్కువ. ఇంజిన్ వేగం హద్దు దాటిన ప్రతిసారీ ఎన్ని ఇగ్నిషన్లు (సిలిండర్లలో పెట్రోలు మండటాలు) జరిగాయో ఈ కంప్యూటర్ లెక్కపెడుతుంది. రేంజ్ 1 అంటే డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కి పట్టి రెవ్ లిమిటర్‌ను, అంటే ఇంజిన్ వేగానికి పెట్టిన హద్దును, తాకించాడని. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టుకు మూడుసార్లు మండుతుంది. నిమిషానికి 7,200 చుట్ల (ఆర్పీఎం) దగ్గర సెకనుకు 360 ఇగ్నిషన్లు. కాబట్టి రేంజ్ 1లో 3,600 కనిపిస్తే అది మొత్తం జీవితంలో పది సెకన్లే, కంగారు పడక్కర్లేదు. రేంజ్ 2 వేరు. వేగంగా వెళ్తూ పై గేరులో నుంచి నాలుగుకు బదులు పొరపాటున రెండో గేరులో వేస్తే చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పుతాయి. అప్పుడు కంప్యూటర్ పెట్రోలు ఆపినా లాభం ఉండదు. వాల్వు స్ప్రింగులకూ కనెక్టింగ్ రాడ్ బోల్టులకూ దెబ్బ తగిలేది అక్కడే. ఆఖరి రేంజ్ 2 సంఘటన ఏ గంట దగ్గర జరిగిందో కూడా నమోదవుతుంది. అది 1,200వ గంటలో జరిగి, ఇప్పుడు 3,900 గంటలైతే, ఇంజిన్ ఆ దెబ్బ తిని 2,700 గంటలు బాగానే తిరిగినట్టు. అది 3,890వ గంటలో జరిగి ఉంటే మాత్రం ఆ కారు వదిలేయండి.

ఇక అసలు భయం ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్, అంటే ఇంజిన్ లోపలి మధ్య షాఫ్టు) బేరింగ్. ఈ తరం బాక్స్‌స్టర్ 1996 నుంచి 2004 వరకూ వచ్చింది. క్రాంక్ షాఫ్ట్ నుంచి వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టులకు చైన్ల ద్వారా శక్తిని చేరవేసే మధ్య షాఫ్టును ఒక చివర మూసి ఉన్న బాల్ బేరింగ్ మోస్తుంది. లోపలి గ్రీజు కరిగిపోయి బేరింగ్ పాడైతే చైన్ల లెక్క తప్పుతుంది, వాల్వులు పిస్టన్లను తాకుతాయి, ఇంజిన్ పోతుంది. 2004 ఇంజిన్లలో ఒకే వరుస బాల్స్ ఉన్న రకం ఉంటుంది. ఊరట ఏమిటంటే, దాన్ని ఇంజిన్ విప్పకుండానే, గేర్‌బాక్స్ దించి మార్చుకోవచ్చు. క్లచ్ మార్చేటప్పుడు ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు. అందుకే అమ్మేవాళ్లను బేరింగ్ గురించి విడిగా అడగకుండా క్లచ్ బిల్లు అడగండి, అందులో బేరింగ్ ఉందో లేదో చూడండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ చెమ్మ ఉందేమో కింద నుంచి చూడండి. ఆయిల్ ఫిల్టర్ తీయించి, మడతలు కోసి, తెల్ల కాగితం మీద పరిచి అయస్కాంతం ఆడించండి. మెరిసే ఇనుప రజను అంటుకుంటే బేరం అక్కడితో ఆపేయండి. ల్యాప్‌టాప్ ఉన్నప్పుడే క్యామ్ షాఫ్ట్ డీవియేషన్, అంటే క్యామ్ షాఫ్టు ఉండాల్సిన చోటి నుంచి ఎన్ని డిగ్రీలు జరిగిందో, అది కూడా చూడాలి. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) అది రెండు పక్కలా ప్లస్ లేదా మైనస్ 6 డిగ్రీల లోపు, కదలకుండా ఉండాలి. అంకె ఊగుతూ ఉంటే చైన్లు, బేరింగ్ సంగతి చూడాల్సిందే.

ఎక్కువ తిరిగిన కారు కొనొచ్చా అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. ఈ ఇంజిన్లను చంపేది వాడకం కంటే ఎక్కువగా నిలబెట్టడం. నెలల తరబడి కదలని కారులో ఆయిల్‌లోకి తేమ, ఆమ్లాలు చేరతాయి. రబ్బరు సీళ్లు ఎండుతాయి. ఏటా ఆయిల్ మార్చుకుంటూ, బిల్లులు దాచుకుంటూ 1,38,000 కిలోమీటర్లు నడిపిన కారును, బిల్లుల్లేని 52,000 కారు కంటే ముందు ఎంచుకోవాలి. గంటల లెక్క, రేంజ్ 2, ఫిల్టర్ ఈ మూడూ శుభ్రంగా ఉంటే బెంగళూరు కారుకే మొగ్గు చూపండి.

రాత్రంతా ఆగిన కారును మీ ముందే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచారంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. ఒక్క క్షణం కాస్త పొగ ఈ ఇంజిన్‌కు మామూలే. దట్టమైన తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే ఎయిర్ ఆయిల్ సెపరేటర్ (ఇంజిన్ ఆవిరి నుంచి ఆయిల్‌ను వేరుచేసే భాగం) పోయిందేమో చూడాలి. ముందు బంపర్ రంధ్రాల్లోకి టార్చి వేయండి. రేడియేటర్ల ముందు ఆకులు పేరుకుని, తడిసి, అల్యూమినియం తినేసి ఉంటాయి. టైర్ల మీద నాలుగంకెల కోడ్ చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు బాగున్నా ఆరేళ్లు దాటిన టైర్లను ఇంత శక్తి ఉన్న కారుకు ఉంచకూడదు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

కాగితాల లెక్క కూడా ముందే వేసుకోండి. 15 ఏళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్ చూసి ఆర్సీని ఐదేళ్లకోసారి పునరుద్ధరిస్తారు. దిగుమతి కారుకు ఆ ఫీజు రూ.40,000. కారు 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి రూ.80,000. కాబట్టి ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ ఎప్పటివరకు ఉందో, అప్పు తాకట్టు ఉందో చూడండి. కర్ణాటక నుంచి తెస్తున్నారు కనుక ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 సంతకాలు కావాలి. ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, పైగా మన రాష్ట్ర లైఫ్ ట్యాక్స్. చాసిస్ నంబరు డబ్ల్యూ, పీ, సున్నాతో మొదలవుతుంది. 2004 మోడల్‌కు పదో స్థానంలో 4 ఉండాలి. ఆర్సీ మీదా, బాడీ మీదా ఉన్నవి అక్షరం అక్షరం పోల్చండి.

ప్రశ్న: రూ.600 పెట్టి కొన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ను ఫోన్‌లో చదివే పరికరం) మా ఐ20కి చక్కగా కలుస్తోంది. స్నేహితుడి పాత స్పోర్ట్స్ కారుకు పెడితే కనెక్ట్ కావడం లేదు. కారు చెడిందా? – అమలాపురం

జవాబు: స్కానర్‌నే అనుమానించాలి. ఐ20 కంప్యూటర్ స్కానర్‌తో క్యాన్ అనే కొత్త పద్ధతిలో మాట్లాడుతుంది. 2000 ప్రాంతపు యూరప్ కార్లు చాలావరకు కె-లైన్ అనే పాత పద్ధతిలో మాట్లాడతాయి. చౌకగా వచ్చే ఈఎల్ఎం 327 (ఇలాంటి స్కానర్లలో వాడే చిప్) నకళ్లలో, ముఖ్యంగా వెర్షన్ 2.1 అని రాసి ఉన్నవాటిలో, కె-లైన్ తరచూ పని చేయదు. ముందు యాప్ సెట్టింగుల్లో ప్రోటోకాల్‌ను ఆటో నుంచి ఐఎస్ఓ 9141-2కి (కె-లైన్ పద్ధతి పేరు) మార్చి, తాళం ఆన్ చేసి కాసేపు ఓపిక పట్టండి, ఈ పద్ధతిలో తొలి పలకరింపు నెమ్మదిగా జరుగుతుంది. అప్పటికీ కాకపోతే మల్టీమీటర్ తెచ్చి ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకూ 4వ పిన్నుకూ మధ్య 12 వోల్టులు వస్తున్నాయో చూడండి. రాకపోతే ఫ్యూజు పోయింది. వస్తే మంచి స్కానర్ కొనాలి. ఐఫోన్ అయితే పాత రకం బ్లూటూత్ స్కానర్ దానితో కలవదు, వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ రకం తీసుకోండి.

స్కానర్ కలిశాక మొదట రెడీనెస్ మానిటర్లు, అంటే కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షల ఫలితాలు, చూడండి. ఆ కారుకు వర్తించేవన్నీ పూర్తి కాలేదని చూపిస్తే, అమ్మే ముందు ఎవరో ఎర్రర్ కోడ్లు చెరిపేసో, బ్యాటరీ తీసేసో తెచ్చారని అనుమానించాలి. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలు మోతాదులో చేసుకునే సర్దుబాటు) ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉండాలి. ప్లస్‌లో బాగా పైకి పోతే ఎక్కడైనా గాలి లీకవుతోందేమో చూడాలి.

ప్రశ్న: వరద నీటిలో నిలిచిన కారని యాప్‌లో తెలుస్తుందా? గుడ్డ టాప్ ఉన్న కారు కోనసీమలో నిలుస్తుందా? – రాజోలు

జవాబు: ఎంపరివాహన్‌లో వరద సంగతి ఉండదు. బీమా కంపెనీ నుంచి క్లెయిముల చరిత్ర తెమ్మని అమ్మేవాళ్లనే అడగండి. సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో, సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో, కార్పెట్ కింద స్పాంజి తడిగా ఉందేమో వేళ్లతో చూడండి.

బాక్స్‌స్టర్ లాంటి టాప్ తెరిచే కార్లకు వరదే రానక్కర్లేదు, వాన చాలు. టాప్ మీద పడ్డ నీరు వెనక పక్కల ఉన్న చిన్న కాలువల గుండా కిందికి పోవాలి. అవి మూసుకుపోతే నీరు లోపలికి మళ్లి సీటు కింద చేరుతుంది. సొంత తాళం లేకుండా కారు స్టార్టవకుండా ఆపే ఇమ్మొబిలైజర్ కంప్యూటర్ ఉండేది సరిగ్గా అక్కడే. అది తడిస్తే రిమోట్ పని చేయదు, కారు స్టార్టవదు. కొత్త బాక్సు వేసినా దానికి తాళాలను మళ్లీ కోడ్ చేయించాలి. కొనేటప్పుడు ఆ బాక్సు కనెక్టర్ విప్పించి పచ్చని చిలుము పట్టిందేమో చూడండి. కొన్నాక కొబ్బరి చెట్ల కింద నిలపకండి. కాయ పడితే గుడ్డ చిరుగుతుంది, పూత రాలితే కాలువలు పూడుకుపోతాయి. జూన్ రాకముందే ఆ కాలువలను మెత్తటి ప్లాస్టిక్ గొట్టంతో శుభ్రం చేయించి, మగ్గుతో నీళ్లు పోసి కారు కిందికి కారుతున్నాయో లేదో చూసుకోండి. గట్టిగా గాలి కొట్టించొద్దు, లోపలి గొట్టాలు ఊడిపోతే నీరు మళ్లీ సీటు కిందికే చేరుతుంది.