ఆర్గానిక్ ల్యాబ్ మంగళవారం పడితే?

"మా అమ్మాయికి కెమిస్ట్రీ అంటే ప్రాణం. హిస్టరీ గోల లేని కాలేజీ ఏదైనా ఉంటే చెప్పండి అన్నయ్యగారూ" అని డాలస్‌కి కొత్తగా వచ్చిన ఒకావిడ అడిగారు. పాపం, ఆవిడ తప్పేం లేదు. మనకు పదో తరగతితో సోషల్ పీడ వదిలిపోతుంది. బైపీసీలో చేరాక చరిత్ర పుస్తకం మొహం ఎవరు చూస్తారు? అమెరికాలో అలా కుదరదు. ఎంఐటీలో ఫిజిక్స్ చదివేవాళ్లయినా హ్యుమానిటీస్, ఆర్ట్స్, సోషల్ సైన్సుల్లో ఎనిమిది కోర్సులు చేయాల్సిందే.

ఇలా ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) వాళ్లయినా చదవాల్సిన కోర్సుల్ని జనరల్ ఎడ్యుకేషన్, పొట్టిగా జెన్ ఎడ్ అంటారు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో దీన్నే కోర్ అంటారు. మొత్తం 42 క్రెడిట్లు (కోర్సుల బరువు కొలిచే లెక్క). అమెరికా చరిత్రకు 6, ప్రభుత్వ పాలనకు 6 అందులోవే. లెక్కలకు 3, సైన్సుకు 6 కూడా అందులోవే కాబట్టి కెమిస్ట్రీ చదివేవాళ్లకు ఆ 9 ఎలాగూ కలిసొస్తాయి. మిగిలినవాటిలో కొన్ని హైస్కూల్లోనే డ్యూయల్ క్రెడిట్‌తోనో (స్కూలుకీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సులు) ఏపీ పరీక్షలతోనో గట్టెక్కవచ్చు. (ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రా కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి పరీక్ష.)

అలాగని అన్నీ ముందే ఊడ్చేయకండి. అప్పుడు మొదటి సెమిస్టర్ నుంచే కెమిస్ట్రీ, ఫిజిక్స్, క్యాలిక్యులస్, వాటి ల్యాబులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. పోనీ డిగ్రీ తొందరగా అయిపోతుందా అంటే, జనరల్ కెమిస్ట్రీ అయితేగానీ ఆర్గానిక్ ఇవ్వరు. ఫిజిక్స్, క్యాలిక్యులస్ అయితేగానీ ఫిజికల్ కెమిస్ట్రీ ఇవ్వరు.

నన్నడిగితే ఎన్ని క్రెడిట్లని కాదు, మనం ఎంచుకునే వీలు ఎంతుందో చూడమంటాను. మావాడి కాలేజీలో రెండో ఏడాది ఒక సెమినార్ అందరికీ తప్పనిసరి. వాడికి దొరికింది మంగళవారం రెండు గంటలకి. ఆర్గానిక్ ల్యాబేమో అదే రోజు ఒంటిగంట నుంచి ఐదింటిదాకా. ఆ రెండింటికీ వేరే టైముల్లో ఉన్న సెక్షన్లు (బ్యాచ్‌లు) నిండిపోయాయి. ల్యాబ్ మరుసటి ఏడాదికి పోయింది, దాని వెనకాల కోర్సులూ పోయాయి. డిగ్రీ చేతికొచ్చేసరికి నాలుగున్నరేళ్లు. ఆ ఆర్నెల్ల ఫీజు మాత్రం నేనే కట్టాను. మీ పిల్లలు హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే ఇంకా టెన్షన్: 21 నిండితే ఆ హోదా ఉండదు, చదువు మధ్యలో ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారాల్సి రావచ్చు.

కొలంబియా కాలేజీలో కోర్ పేరుతో సాహిత్యం, తత్వం, సంగీతం, చిత్రకళ అన్నీ చదవాలి, ఈత పరీక్ష కూడా ఉంది. ఇష్టపడి వెళ్లేవాళ్లకు అది పండగే. అదే బ్రౌన్ యూనివర్సిటీలో 1969 నుంచీ ఓపెన్ కరిక్యులమ్. మేజర్ పూర్తిచేసి, రాయడం వచ్చని చూపిస్తే మిగతాది పిల్లల ఇష్టం. రోచెస్టర్ యూనివర్సిటీది మధ్యేమార్గం. సైన్స్ మేజర్ చేసేవాళ్లు హ్యుమానిటీస్‌లో ఒకటి, సోషల్ సైన్సుల్లో ఒకటి చొప్పున తమకు నచ్చిన క్లస్టర్లు (ఒక్కోటి మూడేసి కోర్సుల గుత్తి) తీసుకుంటారు. యూసీ శాన్ డియాగోలోనైతే (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, శాన్ డియాగో) కెమిస్ట్రీ మేజర్ కోర్సులు ఏ కాలేజీ వాళ్లకైనా ఒకటే, జెన్ ఎడ్ మాత్రం లోపలున్న ఎనిమిది కాలేజీల్లో ఒక్కోదానిది ఒక్కో రకం. అప్లికేషన్‌లో ఆ కాలేజీల వరస కళ్లు మూసుకుని పెట్టేవాళ్లని చాలామందిని చూశాను.

అడ్మిషన్లు వచ్చాక డిపార్ట్‌మెంట్ ఇచ్చే నాలుగేళ్ల ప్లాన్ ప్రింట్ తీసి, తప్పనిసరి కోర్సుల చుట్టూ అమ్మాయి చేతే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టించండి. ఆర్గానిక్ ల్యాబుకి ఎన్ని సెక్షన్లు, ఏయే రోజుల్లో అని అడ్వైజర్‌కి ఈమెయిల్ కూడా తనే రాయాలి. సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ గడువు చాలాచోట్ల మే 1, కాబట్టి ఏప్రిల్ మొదట్లోనే రాయించండి.