సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొనే ముందు: అల్లుడికి నాలుగు మాటలు

అల్లుడూ,

నువ్వు పంపిన మూడు బండ్ల వివరాలూ చూశాను. వాటి గురించి ఓనర్లు రాసినవి కూడా ఏరి పంపావు. ఒకాయన "ఇంతకంటే మంచి బండి లేదు" అంటాడు, ఇంకొకాయన అదే బండిని "ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు" అంటాడు, ఎవర్ని నమ్మాలి మామయ్యా అని అడిగావు. ఇద్దర్నీ నమ్ము. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే వేర్వేరు బండ్ల గురించి చెప్తున్నారు.

వెనక డిక్కీ మీద పేరు ఒకటే ఉండొచ్చు. కానీ ఆ పేరు కిందే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని పెట్రోలు ఇంజిన్‌తో మాన్యువల్ గేర్ బండి ఉంటుంది, చిన్న టర్బో ఇంజిన్‌తో ఆటోమేటిక్ ఉంటుంది, డీజిల్ ఉంటుంది. ఒకదాని జబ్బు ఇంకోదానికి రాదు. కాబట్టి ముందు నువ్వు చూస్తున్న బండిలో ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ సంవత్సరం అన్నది రాసుకుని, ఆ మూడూ కలిసినవాళ్ల అనుభవాలే చదువు, మిగతావి పక్కన పెట్టెయ్. కొత్త తరం మోడల్ వచ్చిన మొదటి సంవత్సరం బండ్లయితే కాస్త అనుమానంగానే చూడు, అందులో తేలిన లోపాలు సాధారణంగా తర్వాతి ఏళ్లలో సర్దుతారు.

ఇంకో సంగతి, రాసినాయన అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిప్పాడో చూడు. పది వేలు తిరగని బండి గురించి ఎవరైనా చెప్పేది సీట్లు, స్క్రీన్, సౌండ్ సిస్టమ్ గురించే. ఆ మురిపెం నీకు పనికిరాదు, ఎందుకంటే నువ్వు చూస్తున్నవాటిలో డీజిల్ తప్ప మిగతావి ఎనభై వేలు, లక్ష దాటిన బండ్లు. ఆ వయసు బండి ఉన్నవాళ్లు ఏమంటున్నారో అదే నీ భవిష్యత్తు. బండి బాగున్నవాడు నడుపుకుంటూ ఉంటాడు, రాయడానికి కూర్చోడు, కోపం వచ్చినవాడే కూర్చుని పేజీలు నింపుతాడు. అందుకని ఎంతమంది తిట్టారని లెక్కపెట్టకు. ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు అదే పార్టు గురించి, దాదాపు అన్నే కిలోమీటర్ల దగ్గర, అదే మాట చెప్తున్నారా అన్నది చూడు. ఫోర్డ్ 1.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజిన్లలో ఆయిల్‌లోనే తిరిగే టైమింగ్ బెల్ట్ (వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పే పట్టీ) సంగతి అలాగే బయటపడింది. బెల్ట్ అరిగి, ఆ పొట్టు ఆయిల్ పంపు జల్లెడకి అడ్డుపడి, ఆయిల్ ప్రెషర్ పడిపోవడం. హోండా 1.5 టర్బో ఇంజిన్లలో చలి ప్రాంతాల్లో దగ్గర దగ్గర ప్రయాణాలు చేసేవాళ్లకి ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోలు కలిసిపోయిన గొడవా అంతే. ఇవి ఇంజిన్ కట్టుబడిలోనే ఉన్న సంగతులు. బ్రేక్ ప్యాడ్లు పోయాయి, బ్యాటరీ పోయింది, సస్పెన్షన్ బుష్‌లు మార్చాను అంటే మాత్రం అది జబ్బు కాదు, వయసు. వాటికి భయపడితే ఏ పాత బండీ కొనలేవు.

ఇక గేర్‌బాక్స్. నన్నడిగితే పాత ఎస్‌యూవీలో ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది ఇదే, ఎందుకంటే చాలా బండ్లలో ఇది పోతే బాగు చేయించడం కంటే బండి వదిలించుకోవడమే నయం అనిపిస్తుంది. నువ్వు పంపిన మూడో బండి సీవీటీ. అందులో మామూలు గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య ఒక స్టీలు బెల్ట్ తిరుగుతుంది, ఒక్కో పుల్లీలోని రెండు పళ్లేలు దగ్గరా దూరం అవుతూ గేరు నిష్పత్తి మారుస్తాయి. ఆ బెల్ట్ జారకుండా పట్టుకునేది ప్రత్యేకమైన ఆయిల్. కొన్ని కంపెనీలు దాన్ని "జీవితాంతం మార్చక్కర్లేదు" అంటాయి. ఎవరి జీవితం? వారంటీ జీవితం అని నేను అర్థం చేసుకున్నాను! ఆ ఆయిల్ వేడికి పాడవుతుంది, మార్చిన బిల్లు లేని లక్ష కిలోమీటర్ల సీవీటీని నేనైతే ముట్టుకోను. నడిపేటప్పుడు నిలబడ్డ చోటి నుంచి మెల్లగా కదిలించి చూడు. నిదానంగా వెళ్లేటప్పుడు వణుకు వచ్చినా, వేగంతో పాటు పెరిగే సన్నటి ఈల లాంటి మోత వినపడినా తాళం తిరిగి ఇచ్చేసెయ్. ఎక్సలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ముందు అరిచి, బండి తర్వాత కదలడం మాత్రం సీవీటీ స్వభావం, దాన్ని చూసి కంగారు పడకు.

డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చే ఆటోమేటిక్) అయితే, అందులోనూ డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగనిది) అయితే, అది ఎక్కడ తిరిగిందన్నది ముఖ్యం. రోజూ అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం వదిలి వేడెక్కిపోతుంది. ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకి అందించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ వీటన్నిటిలోకీ ఓపిక ఎక్కువ ఉన్నది, అయినా ఆయిల్ మార్పు దానికీ కావాలి. మాన్యువల్ అయితే పై గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి ఫుల్‌గా తొక్కు. ఇంజిన్ స్పీడు ఎగిరి బండి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే, బేరంలో అది తగ్గించుకో.

ఇంజిన్ చూడ్డానికి వెళ్లే రోజు ముందుగానే చెప్పు, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ" అని. వెళ్లగానే మాటల్లో పడకుండా బానెట్ మీద అరచెయ్యి పెట్టు. వేడిగా ఉంటే ఆయన ఏదో దాచడానికి ముందే వేడిచేశాడని కాదు, కానీ నువ్వు చూడాల్సింది ఇవాళ చూడలేవు, ఇంకో రోజు వెళ్లు. చల్లగా ఉంటే బానెట్ ఎత్తి, ఇంకొకర్ని స్టార్ట్ చేయమని నువ్వు ఇంజిన్ పక్కన నిలబడు. మొదటి రెండు మూడు సెకన్లే అసలు పరీక్ష. గొలుసు గలగలలాడినట్టు చప్పుడు వచ్చి ఆగిపోతే టైమింగ్ బెల్ట్ పనే చేసే టైమింగ్ చైన్ సాగిందో, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ బలహీనపడిందో అయ్యుండొచ్చు. ఇంజిన్ వేడెక్కాక ఆ చప్పుడు తరచుగా వినపడదు, అందుకే చల్లటి ఇంజిన్ కావాలన్నాను. సైలెన్సర్ దగ్గర నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, తెల్లపొగ ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. చలిలో మొదట కాసేపు వచ్చే ఆవిరి వేరు, అది పోతుంది. డిప్‌స్టిక్ తీసి వేలికి రాసుకుని చూడు. ఆయిల్ నల్లగా ఉండటం తప్పేం కాదు, జిగురు ముద్దలా ఉంటేనో, పెట్రోలు వాసన కొడితేనో, గీత కంటే పైకి ఉంటేనో అనుమానించు.

చైన్ కాకుండా బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే మార్చిన బిల్లు అడుగు. బండితో ఇచ్చే ఓనర్ పుస్తకంలో కిలోమీటర్లు, ఏళ్లు రెండూ రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అదే లెక్క. తక్కువ తిరిగింది కదా అని పదేళ్ల బెల్ట్‌ని నమ్మడానికి లేదు, తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి.

చిన్న టర్బో బండి అయితే పనితీరు గురించి ఒక మాట. కాగితం మీద పవర్ బాగానే కనపడుతుంది, కానీ ఎస్‌యూవీ అంటే అదే సైజు చిన్న కారు కంటే బరువు ఎక్కువ, ఎత్తు ఎక్కువ కాబట్టి గాలికి అడ్డమూ ఎక్కువే. టర్బో అందుకునేదాకా, అంటే చాలా ఇంజిన్లలో 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం దాకా, బండిలో ప్రాణం ఉండదు. ఒక్కడివే ఖాళీ రోడ్డు మీద తిప్పితే ఇది తెలీదు. నలుగురు కూర్చుని, ఏసీ వేసి, ఎత్తు ఎక్కించి, అక్కడే ఆపి మళ్లీ కదిలించు, అప్పుడు తెలుస్తుంది ఓనర్లు "బండి లాగట్లేదు" అని ఎందుకు రాస్తారో. మైలేజీ గురించి డ్యాష్‌బోర్డు చెప్పే అంకె నమ్మకు, అది చాలాసార్లు కాస్త ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు నింపి, తిప్పి, మళ్లీ నింపి లెక్కేసినవాళ్ల మాటే మాట. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది, పెట్రోలు వాటిని కడగదు కదా. లక్ష దగ్గర్లో ఐడిల్‌లో దడదడలాడుతూ, లాగడం తగ్గిందంటే అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. శుభ్రం చేయించుకోవచ్చు, ప్రాణం మీదికి వచ్చేదేం కాదు.

నీ మొదటి బండి డీజిల్. "ఎనిమిదేళ్లలో ముప్పై వేలే తిరిగింది మామయ్యా" అని సంబరపడ్డావు. నాకు అదే టెన్షన్! డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్) ఉన్న డీజిల్‌లో ఆ ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి రావాలి, అది రావాలంటే బండి కాసేపు ఆగకుండా హైవే వేగంలో నడవాలి. ఇంటి నుంచి సూపర్ మార్కెట్‌కి, అక్కడి నుంచి ఇంటికి తిరిగిన బండిలో ఆ పని సగంలో ఆగిపోతూ ఉంటుంది, ఫిల్టర్ నిండిపోతుంది, పైగా కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ ఆయిల్‌లో చేరుతుంది. ఇలాంటి బండి కంటే హైవే మీద లక్షన్నర తిరిగిన డీజిల్ నయం.

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే పరికరం) ఒకటి అరువు తెచ్చుకో. తప్పుల కోడ్‌లు ఏమీ లేవని చూపిస్తే సంతోషపడిపోకు. కోడ్‌లు చెరిపేశాక ఎంత దూరం తిరిగిందో, రెడీనెస్ మానిటర్లు (చెరిపాక బండి తన భాగాలను మళ్లీ సరిచూసుకునే పరీక్షలు) పూర్తయ్యాయో లేదో కూడా చాలా స్కానర్లు చూపిస్తాయి. నిన్ననో మొన్ననో చెరిపి నీ ముందు పెట్టి ఉంటే అక్కడ దొరికిపోతారు.

నాలుగు చక్రాలూ లాగే బండి అయితే నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి, రెండు పాతవి వేసి తిప్పితే ఆ తేడా అంతా ముందు వెనక చక్రాలను కలిపే కప్లింగ్ మీద, చక్రాల వేగాల తేడా సర్దే డిఫరెన్షియల్ మీద పడుతుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని.

వరదనీళ్లలో మునిగిందేమో అని సీటు బెల్ట్ పూర్తిగా లాగి చివర బురద మరకలున్నాయేమో చూడు, స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి తడి, బురద ఉన్నాయేమో చూడు. యాక్సిడెంట్ అయిందేమో అంటే బానెట్, ఫెండర్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందా చూడు. మీటర్ తిప్పారా అని అనుమానం వస్తే బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు చెప్తాయి, పాత సర్వీసు బిల్లుల్లో రాసిన కిలోమీటర్లు ఇంకా బాగా చెప్తాయి.

ఇప్పుడు నా మాట. మూడింటిలో నీకు నచ్చనిది, అదే లక్షా పదివేలు తిరిగిన రెండోది, నేనైతే దాన్ని చూడ్డానికి ముందు వెళ్తాను. టర్బో లేని పెట్రోలు, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, మొదటి రోజు నుంచి బిల్లులన్నీ ఉన్నాయి, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన కాగితంతో సహా. పరుగు పందేలకి పనికిరాదు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు నీకు విసుగొస్తుంది, మైలేజీ కూడా గొప్పగా ఉండదు. కానీ ఎప్పుడు ఏం చేశారో తెలిసిన బండి. కొంటే ధరలో పదో వంతు పక్కన ఉంచుకో. వాళ్లు నిన్ననే మార్చామన్నా సరే, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్ అన్నీ నువ్వే ఒకసారి మార్పించు, అక్కడి నుంచి లెక్క నీది.

వెళ్లినప్పుడు నాలుగు టైర్ల అంకెలూ, చివరి మూడు సర్వీసు బిల్లులూ ఫోటో తీసి పంపు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు వీడియో కూడా తియ్యి, ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టి, ఎవరూ మాట్లాడకుండా. అవి చూశాక ఫోన్ చేస్తాను, అప్పటిదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకు.

నీ మామయ్య